కంకరకు లెక్క లేదు, మట్టికి జాగ లేదు

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం మాట్లాడుకునేది కంకర గురించి, మొరం గురించి, మట్టి గురించి. ఇదేం పెద్ద సంగతని కొందరికి అనిపించొచ్చు. నీళ్ల గురించి మాట్లాడుకున్నం. నిధులు, నియామకాల గురించి మాట్లాడుకున్నం. బొగ్గు గురించి, అడవి గురించి ఎన్నో సభలు పెట్టుకున్నం. మన ఊరి గుట్ట గురించి, ఆ గుట్ట మీది మట్టి గురించి మాట్లాడుకున్నది మాత్రం తక్కువ. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వనరులు మనవి అని కొట్లాడినోళ్లం. మనదన్నప్పుడు దానికి లెక్క కూడా మనమే అడగాలె.

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున ఏమైందో మీకు యాదికున్నది. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది. టిప్పర్‌లోని కంకర బస్సులో కూసున్నోళ్ల మీద పడ్డది. కనీసం 19 మంది ప్రాణాలు పోయినయి. అందులో పట్నంలో చదువుకునే పిల్లలున్నరు. వేగం తప్పా, రోడ్డు తప్పా అని చర్చ నడిచింది. రోడ్డు ఇరుకుది, దాని విస్తరణ ఏండ్ల తరబడి ఆగింది, అది నిజం. మేము అడిగేది ఇంకొక ప్రశ్న. ఆ రోడ్డు మీద రోజుకు ఎన్ని టిప్పర్ల కంకర పోవాలె, ఏ గుట్ట నుంచి ఏ పట్నానికి పోవాలె అని ఎవరు నిర్ణయించిండ్రు? కలెక్టరా? గనుల శాఖా? ప్లానింగ్ ఆఫీసా? ఎవరూ నిర్ణయించలేదు. ఎవరికి గిట్టిన దారిన వాళ్లు పోతున్నరు. మా బాధంతా అక్కడనే ఉన్నది.

ఒక్క ఎకరం లెక్క

విద్యార్థులున్నరు కాబట్టి ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఘనమీటరు కాంక్రీటు తయారు చేయాలంటే సిమెంటు 300 నుంచి 400 కిలోలు పడతది. ఇసుక 700, 800 కిలోలు. కంకర 1,000 కిలోల పైమాటే. అంటే మనం సిమెంటు ఇల్లు అంటున్నం గానీ అది నిజానికి గుట్ట ఇల్లు. ఇంట్లో ముప్పావు వంతు రాయి, ఇసుకనే. ఇప్పుడు వాగుల ఇసుకకు బదులు రాయిని పొడి చేసి తీసిన రోబో సాండ్ వాడుతున్నరు. అప్పుడు కంకరా గుట్టదే, ఇసుకా గుట్టదే.

ఇది పట్నంలోకి వచ్చే సరుకు లెక్క. పట్నం నుంచి పోయే సరుకు కూడా చూడాలె. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఆ ఎకరం మేర నాలుగు సెల్లార్లు తవ్వినరనుకోండి, 14 మీటర్ల లోతు. వచ్చే మట్టీ రాయీ కలిపి 56 వేల ఘనమీటర్లు దాటుతది. తవ్విన మట్టి ఉబ్బుతది, నాలుగో వంతు పెరుగుతదనుకుంటే 70 వేల ఘనమీటర్లు. టిప్పర్‌కు 14 ఘనమీటర్లు పోసినా 5 వేల ట్రిప్పులు. పోయే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు కలిపితే 10 వేల సార్లు టిప్పర్ రోడ్డెక్కుతది. ఒక్క ఎకరానికి!

2006లో జీవో 86 తెచ్చి హైదరాబాద్‌లో ఇంత జాగకు ఇంతే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేసిండ్రు. రోడ్డు వెడల్పును బట్టి, వదిలిన ఖాళీని బట్టి ఎత్తు లేపుకోవచ్చు. ఎత్తు పెరిగితే బండ్లు పెట్టుకునే జాగ కావాలె. దానికి సెల్లార్ల లోతు పెరగాలె. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి అమ్ముడుపోయింది. ఎకరం ధర పేపర్ల మొదటి పేజీలో వచ్చింది. ఆ ఎకరంలోని మట్టి ఎక్కడికి పోతదన్నది ఏ పేజీలోనూ రాలేదు.

మట్టి ఎక్కడికి పోతున్నది?

టిప్పర్ నడిపే తమ్ముని దిక్కు నుంచి ఆలోచిద్దాం. ఆయనకు ట్రిప్పుకు ఇంత అని కిరాయి. దూరం పోతే డీజిల్ పోతది, రాత్రి గడిచిపోతది. దగ్గర్లో పల్లం ఎక్కడున్నదో అక్కడ ఒంపుతడు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లమంటే ఏమిటి? చెరువు శిఖం, నాలా, కుంట, పాత క్వారీ బొంద. అందరికన్న ముందు చెరువే చిక్కుతది. ఒక పక్క మట్టి పడ్డదంటే నీళ్లు ఇంకో పక్కకు జరుగుతయి. రెండేండ్లకు అది చదును నేల అయితది. ఆ తర్వాత హద్దు రాళ్లు, ఆ తర్వాత ప్లాట్లు. నీటి మట్టం హద్దు నుంచి 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ వదలాలని రూల్స్ ఉన్నయి. హద్దే మట్టి కింద పడిపోతే ఎక్కడి నుంచి కొలుస్తరు?

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు దుంకితే కింది చెరువుకు నీళ్లు పోతయి. నడుమ ఒక లంకె పూడ్చితే నీళ్లు బస్తీలో దూరుతయి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్ కాలనీల్లోకి చెరువులు వచ్చినప్పుడు దీన్ని కండ్లారా చూసినం. ఆక్రమణలు కూల్చడానికి 2024లో హైడ్రా పెట్టిండ్రు. గోడ కూల్చొచ్చు. చెరువులో పోసిన లక్షల టన్నుల మట్టిని ఎవరు తీస్తరు, తీసి ఎక్కడ పోస్తరు? మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చినం. మట్టికి జాగ చూపకుండా చెరువును కాపాడలేం.

ఇదే మట్టి బంగారం కూడా అయితది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఏం చేసిండ్రు? చెరువులో పూడిక సర్కారు తీసింది, రైతులు సొంత ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నరు. అక్కడ మట్టి ఎందుకు చెత్త కాలేదు? తవ్వక ముందే అది ఎక్కడికి పోవాలో తెలుసు కాబట్టి. సెల్లార్ మట్టి చెరువు మట్టి కాదు, అందులో మొరం ఎక్కువ, కింద రాయి. అది పొలానికి పనికిరాకపోవచ్చు. రోడ్డు కట్టలకు, బొందలు నింపడానికి పనికొస్తది, రాయి క్రషర్‌కు పనికొస్తది. తవ్వే ముందే గమ్యం తెలిసి ఉండాలె, అంతే.

గుట్ట దిక్కు చూద్దాం

కంకర బరువెక్కువ, ధర తక్కువ. దూరం మోస్తే రాయి ధర కన్న కిరాయి పెరుగుతది. అందుకే క్వారీలు పట్నం పక్కనే పుడతయి. పట్నం పెరిగి వాటి దగ్గరికి వస్తది. కొత్తగా వచ్చినోళ్లు దుమ్ము, చప్పుడు అని ఫిర్యాదు చేస్తరు. క్రషర్లు ఇంకో 20 కిలోమీటర్లు బయటికి పోతయి. అక్కడి ఊరోళ్లకు ఫిర్యాదు చేసేంత బలం ఉండదు. పటాన్‌చెరు పక్కన లక్డారం దిక్కు పోయి చూడండి, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బండరావిర్యాల దిక్కు పోయి చూడండి. గుట్ట ఉన్న చోట బొంద ఉన్నది. పట్నానికి మేడ వచ్చింది, ఊరికి బొంద మిగిలింది.

ఊరి నష్టం ఏ బిల్లులో రాదు. బ్లాస్టింగ్‌కు గోడలు పగులుతయి. పత్తి మీద దుమ్ము కూసుంటది. గట్టిరాయిలో నీళ్లు పగుళ్ల గుండానే పారుతయి, లోతుగా తవ్వితే పక్క బోర్లు ఎండుతయి. వదిలేసిన బొందల్లో వాన నీళ్లు నిలిస్తే ఈతకు పోయిన పిల్లలు మునిగిపోతరు. క్రషర్ కాడ పనిచేసేటోళ్ల ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరితే సిలికోసిస్ వస్తది. ఆ రోగం మానదు, ముదరకుండా చూసుకోవడమే. ఆ పనిలో ఉన్నది ఎవరు? బతుకుదెరువు కోసం వచ్చిన కూలీలు. తాతల కాలం నుంచి రాయి కొట్టి బతికిన వడ్డెర్ల పని మిషన్లు గుంజుకున్నయి, దుమ్ము మాత్రం వాళ్లకే మిగిలింది.

గుట్ట అంటే రాయి మాత్రమే కాదు. మేకలు మేసే జాగ, వాన నీళ్లను కుంటకు దింపే వాలు, దేవుని గుడి, చరిత్ర. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద 10వ శతాబ్దపు జినవల్లభుని శాసనం ఉన్నది. అందులో తెలుగు కంద పద్యాలున్నయి. అట్లాంటి రాయిని పగలగొట్టి రోడ్డు కింద పరిస్తే టన్నుకు ఎంత వస్తది? ఆ లెక్క వేయలేమని ఎవరైనా ఒప్పుకుంటరు. హైదరాబాద్‌లో 1990లలోనే కొన్ని రాతి గుట్టలను వారసత్వ సంపద జాబితాలో పెట్టిండ్రు. ఏ గుట్ట ఉంచుకోవాలె, ఏది వాడుకోవాలె అని ముందే గీత గీయడం మనకు కొత్తేమీ కాదు. పట్నంలో కొన్ని గుట్టలకు గీసిన గీత ఊర్ల గుట్టలకు ఎందుకు గీయలేదన్నదే ప్రశ్న.

ఆఫీసులు నాలుగు, పటం ఒక్కటీ లేదు

ఉద్యోగ మిత్రులకు ఈ సంగతి మాకన్న ఎక్కువ తెలుసు. క్వారీ లీజు గనుల శాఖ ఇస్తది. భూమికి ఎన్‌వోసీ తహశీల్దార్ ఇస్తడు. దుమ్ము, చప్పుడు కాలుష్య నియంత్రణ మండలి చూస్తది. ఇండ్లు, కంపెనీలు ఎక్కడ రావాలో హెచ్‌ఎండీఏ చూస్తది. ఎవరి ఫైల్ వాళ్లది. నాలుగు ఫైళ్లు ఒక్క పటం మీద కలిసేది లేదు.

1957 నాటి గనుల చట్టం కంకర రాయిని, మొరాన్ని, మామూలు ఇసుకను చిన్న తరహా ఖనిజాలన్నది, వాటి పెత్తనం రాష్ట్రాలకే ఇచ్చింది. కట్టలకు, రోడ్లకు, నింపుడుకు వాడే మామూలు మట్టిని 2000 ఫిబ్రవరిలో అదే జాబితాలో చేర్చిండ్రు. పేరుకు చిన్న తరహా అన్నరు గానీ, వేల లారీల్లో పోయేది ఇదే. ఢిల్లీని అడుక్కునే పని లేదు, రూల్స్ రాసుకునే అధికారం హైదరాబాద్‌లోనే ఉన్నది. ఇది మన చేతిలో ఉన్న వనరు.

కోర్టులు కూడా మాట్లాడినయి. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకైనా పర్యావరణ అనుమతి ఉండాలన్నది. 2020 మార్చిలో కేంద్రం రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మట్టి తవ్వితే అనుమతి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. జనం అభ్యంతరాలు అడగకుండానే ఎట్ల ఇచ్చిండ్రని తప్పుపట్టింది. తర్వాత రూల్స్ మళ్లీ ఎట్ల మారినా ఆ ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది. రేపు దాదాపు 340 కిలోమీటర్ల రీజనల్ రింగ్ రోడ్డు వేయాలంటే ఎంత మొరం కావాలె, ఏ ఊరి గుట్టలు కరగాలె? ఆ ఊర్లకు ముందు చెప్పేది ఎవరు?

2016 నుంచి జిల్లా సర్వే రిపోర్టు అని ఒకటి తయారు చేయాలె. జిల్లాలో ఏ ఖనిజం ఎక్కడున్నది, ఎంత తవ్వొచ్చు అని అందులో రాయాలె. ముసాయిదాను జనం ముందు పెట్టి 21 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలె. మంచిదే. అది జిల్లా హద్దు కాడ ఆగుతది, టిప్పర్ ఆగదు. హైదరాబాద్‌కు కావాల్సిన రాయి రంగారెడ్డిలో, సంగారెడ్డిలో, యాదాద్రిలో, మేడ్చల్‌లో తవ్వుతున్నరు. ఎంత రాయి ఉన్నదన్నది జిల్లా రిపోర్టు చెప్తది. ఎంత కావాలె, ఏ దారిన పోవాలె, తవ్విన బొంద తర్వాత ఏమి కావాలె, పట్నం మట్టి ఎటు పోవాలె అన్నదానికి ప్రాంతమంతా కలిపి చూసే ప్లాన్ కావాలె.

ఆ ప్లాన్ చేసే సంస్థ ఉన్నది. 2008లో హుడాను, ఇంకొన్ని సంస్థలను కలిపి హెచ్‌ఎండీఏ పెట్టిండ్రు. 2013లో 2031 దాకా మెట్రోపాలిటన్ ప్లాన్ ఇచ్చిండ్రు. 2025లో దాని పరిధిని 10 వేల చదరపు కిలోమీటర్లు దాటించిండ్రు. 2050 లక్ష్యంగా కొత్త ప్లాన్ మాట నడుస్తున్నది. ప్లాన్ పటంలో ఇండ్లకు ఒక రంగు, కంపెనీలకు ఒక రంగు, పార్కులకు ఒక రంగు. ఆ రంగులన్నీ నిలబడాలంటే కావాల్సిన కంకరకు, వాటి కింది నుంచి వచ్చే మట్టికి కూడా రంగు వేయండి అంటున్నం. పటం అచ్చయినంక అడిగితే లాభం లేదు. ఇప్పుడే అడగాలె.

ఇది జరగని పని కాదు

ఇట్లాంటి లెక్క ఎక్కడైనా నడిచిందా అని అడిగేటోళ్లుంటరు. ఇంగ్లాండ్‌లో స్థానిక ప్లానింగ్ సంస్థలు ఏటా కంకర, ఇసుక లెక్క తీస్తయి. రాతి కంకరకు కనీసం 10 ఏండ్లకు సరిపడా, ఇసుక గులకరాళ్లకు కనీసం 7 ఏండ్లకు సరిపడా అనుమతులు చేతిలో ఉండేటట్టు ముందే జాగలు గుర్తిస్తరు. 2002 నుంచి కొత్తగా తవ్విన కంకర మీద ప్రత్యేక పన్ను వేసిండ్రు, పాత కాంక్రీటు వాడకం పెరగాలని. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2019లో మిగులు మట్టి మీద రూల్స్ తెచ్చింది. పెద్ద పనుల్లో తవ్వే ముందు మట్టిని పరీక్షించాలె, ఎక్కడికి పోతదో రాయాలె, అందరూ చూసే రిజిస్ట్రీలో నమోదు చేయాలె. అక్కడ కూడా క్వారీల మీద ఊర్లకు కొట్లాటలున్నయి. అది స్వర్గమని మేము చెప్పడం లేదు. కొట్లాటకైనా చేతిలో ఒక పటం, ఒక లెక్క ఉన్నయని చెప్తున్నం.

మేము అడిగేవి ఇవి

మొదటిది. కొత్త ప్రాంతీయ ప్లాన్‌లో కంకర, మట్టి మీద ఒక అధ్యాయం ఉండాలె. ఎంత కావాలె, ఎక్కడి నుంచి, ఏ రోడ్డు మీద, ఏ టైముకు. బడి పిల్లలు, ఆర్టీసీ బస్సులు తిరిగే ఇరుకు రోడ్ల మీద టిప్పర్లకు టైము కట్టాలె.

రెండోది. ముట్టకూడని గుట్టల జాబితా ముందు రావాలె. శాసనాలున్నవి, చెరువులకు నీళ్లు దింపేవి, ఊరు కొలిచేవి, ఊరి పశువులు మేసేవి అందులో ఉండాలె. మిగిలిన వాటిలోనే తవ్వకం.

మూడోది. బొంద తవ్వే ముందే దాన్ని పూడ్చే లెక్క రాయాలె, పూచీ డబ్బు కట్టించుకోవాలె. సెల్లార్ మట్టి ఆ బొందలకే పోవాలె. కంకర తెచ్చిన టిప్పర్ ఖాళీగా వాపస్ పోకుండా మట్టి తీసుకపోతే రోడ్డు మీద ట్రిప్పులు తగ్గుతయి, డీజిల్ మిగులుతది, చెరువు బతుకుతది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పటాన్‌చెరు, జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడల మట్టిని పరీక్షించకుండా బొందలో పోస్తే విషం పగుళ్ల గుండా బోర్లలోకి దిగుతది. చెత్త కలవని, పరీక్షైన మట్టి మాత్రమే పోయాలె.

నాలుగోది. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చినప్పటి నుంచి ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇస్తున్నరు. సెల్లార్ అనుమతి కాగితంలోనే మట్టి ఎంత, గమ్యం ఎక్కడ అని రాయించాలె. గమ్యం కాడ తూకం రశీదు వచ్చినంకనే తర్వాతి అనుమతి. ఆ లెక్క జనం చూసేటట్టు పెట్టాలె.

ఐదోది. పాత కట్టడం కూల్చిన శిథిలాలను మళ్లీ వాడాలె. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు పెట్టిండ్రు. ఐఎస్ 383 ప్రమాణం 2016లోనే ఒప్పుకున్నది, పాత కాంక్రీటు కంకరను ఎం-25 దాకా ఇనుప కాంక్రీటులో 20 శాతం, మామూలు కాంక్రీటులో 25 శాతం వాడొచ్చని. సర్కారు పనుల టెండర్లలో దీన్ని తప్పనిసరి చేస్తే వాడకం దానంతటదే పెరుగుతది.

ఆరోది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న తరహా ఖనిజం లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. మైదానం ఊర్లకు ఆ హక్కు ఎందుకు వద్దు? రాష్ట్ర రూల్స్ మనవే కదా, రాసుకోవచ్చు.

ధర పెరుగుతదని భయపెట్టేటోళ్లకు ఒక మాట

లెక్కలు, రశీదులు పెడితే కంకర ధర పెరుగుతది, పేదోని ఇల్లు ఆగుతది అని అంటరు. ఇల్లు కట్టొద్దని మేము అనడం లేదు. క్రషర్లన్నీ మూసేయమనీ అనడం లేదు. వాటి మీద బతికే డ్రైవర్లు, కూలీలు మనోళ్లే. కానీ ఆ ధర ఇప్పటికే ఎవరో కడుతున్నరు. దుమ్ము మింగిన కూలీ కడుతున్నడు. బోరు ఎండిన రైతు కడుతున్నడు. ఇల్లు మునిగిన బస్తీ కడుతున్నది. మీర్జాగూడ కాడ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కట్టిండ్రు. ఆ ధరను బిల్లులోకి తెమ్మంటున్నం. ఎకరానికి 100 కోట్లు పెట్టగలిగినోళ్లు 5 వేల ట్రిప్పుల మట్టిని సరైన జాగకు తోలలేరా?

ఇక మనం చేయాల్సింది. విద్యార్థులారా, మీ జిల్లా సర్వే రిపోర్టు తెచ్చుకొని చదవండి. మీ మండలంలో ఉన్న క్వారీలు, వదిలేసిన బొందలు, మట్టి పడుతున్న కుంటలు ఒక్క పటం మీద గుర్తు పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది, లీజు కాగితాలు అడగండి. జాగ్రఫీ, సివిల్ ఇంజనీరింగ్ చదివేటోళ్లకు ఇంతకన్న మంచి ప్రాజెక్టు దొరకదు. ఉద్యోగులారా, గనులు, రెవెన్యూ, పంచాయతీరాజ్, మున్సిపల్ ఆఫీసుల్లో ఉన్నది మీరే. మీ బల్ల మీదికి వచ్చిన ఫైల్‌లో మట్టి గమ్యం ఎక్కడ అని ఒక్క నోట్ రాయండి. రాసిన నోట్ ఫైల్‌లో ఉంటది, రేపు అడిగేటోళ్లకు ఆధారమైతది.

కొత్త ప్లాన్ ముసాయిదా వచ్చి, అభ్యంతరాలు చెప్పండి అని ప్రకటన వేసే రోజు తప్పక వస్తది. ఆ రోజుకు మన చేతిలో మన పటం ఉండాలె. మండలానికి ఒకటి చొప్పున తయారు చేయండి. అన్నీ కలిపి తీసుకపోయి వాళ్ల బల్ల మీద పరుద్దాం, వాళ్ల పటంలో లేని గుట్టలు, బొందలు, చెరువులు ఒక్కొక్కటి చూపించి రశీదు తీసుకుందాం.